భూలక్ష్మి చేతికిచ్చిన ఉత్తరం

మాదాపూర్,
14-11-1998.

వీరేశం బావకు,

ఫోన్ చేస్తే సగం విని పెట్టేస్తవ్, నా చేతిరాతేమో నీకు అర్థంగాదు. అందుకే పక్క డీటీపీ సెంటర్ల కూసోని టైపు కొడుతున్న. మన మందుల దుకాణంల నీ చెల్లె ఒక్కతే ఉంది, జర తొందరల ఉన్న.

నీ ద్రాక్షతోటల కలుపు తీసే పాలమూరు భూలక్ష్మిని నిన్న దవాఖానకు తీస్కపోయిన. ఆమె చేతులకు వచ్చింది కుష్టు కాదు బావా, అంటురోగం అసలే కాదు. గట్ల మీది వయ్యారిభామ గడ్డిని వట్టి చేతుల్తోని పీకబట్టి చర్మం అట్ల పగిలిందట. నేనూ తామర అనుకొని దుకాణంలకెల్లి రెండు డబ్బీల మలాం ఇచ్చిన, అదీ తప్పే.

"పని మానేసి పదిరోజులాయె, మరెందుకు తగ్గలే?" అని డాక్టరు అడిగిండు.

"పటేలు నన్ను ఒక్కదాన్నే కొట్టంల పండుమన్నడు సారూ" అన్నది నీ గురించే.

పొయ్యికి పనికొస్తదని పీకిన గడ్డంత ఎండబెట్టి కుప్పేసేది ఆ కొట్టంలనే కద బావా! పది రోజులు దాని దుమ్ములనే పండింది.

ఆదివారం ఆమెను పాలమూరు బస్సెక్కిస్తనన్నవట, ఎక్కించకు. నువ్వు పంపినవంటే ఊర్లోళ్లు గూడ కుష్టనే అనుకొని ఇంట్లకు రానియ్యరు. కూలోళ్ల గుడిసెలల్ల అందరితోని ఉండనియ్యి, కలుపు కాకుండ తీగెలు కట్టే పనికి పెట్టు. మిగతా ఆడోళ్లకు చేతి తొడుగులు పంపుతున్న.

ఉత్తరం గూడ ఆమెకే ఇచ్చి పంపుతున్న. "ఆడ కింద పెట్టిపో" అనే ఉంటవ్, నాకెరుకే. జవాబు మాత్రం ఆమె చేతికియ్యి.

నీ మాదాపూర్ బావ