ఖోట్లా ముందు గుర్రం దిగని నేరం

జిల్లా పాలనాధికారి వారి సముఖమునకు,
హా రమొలెఫె గ్రామంలో మిషన్ పాఠశాల పుస్తకాలు చూసుకొను త్సెలెంగ్ లెటూకా వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: బందెలదొడ్డిలో పెట్టిన నా గుర్రాన్ని, అది పరుగు నేర్చుకోక ముందే నాకు తిరిగి ఇప్పించుట గురించి.

1. నేను పుట్టుకతో కాళ్ళు బిగిసిన మనిషిని. నా మోకాళ్ళు ఒకదానినొకటి వదలవు. చంకకర్రలతో గడప నుంచి గోడ దాకా నడుస్తాను. అంతకు మించితే ఎవరైనా ఎత్తుకు రావాలి. రుజువుగా ఆసుపత్రి వారి ధ్రువపత్రం జతపరుస్తున్నాను. అది నకలు. అసలు పత్రాన్ని ఎవరి చేతికీ ఇవ్వదలచుకోలేదు. కారణం అయిదవ అంశంలో ఉన్నది.

2. సదరు గుర్రం పేరు లెరోలె. ఒంటి రంగు దుమ్ము రంగు, పేరుకు అర్థం కూడా అదే. మా నాన్న తన మందలోంచి దీన్ని నాకు విడిగా ఇచ్చారు. యాజమాన్య పత్రం నా పేరనే ఉన్నది. మిషన్‌లో సిస్టర్ అలోయిసియా నన్ను మొదట దీని మీద కూర్చోబెట్టారు. గుర్రం నడుస్తుంటే దాని నడుము ఎటు ఊగుతుందో మీద ఉన్న మనిషి నడుమూ అటే ఊగుతుంది. నడవని ఒంటికి నడక అంటే ఏమిటో అలా తెలుస్తుంది. దాని వీపు వేడికి నా తొడలు వదులవుతాయి. స్వారీ చేసిన రోజున నేను టీ కప్పు ఒలకకుండా పట్టుకోగలను. చేయని రోజున పట్టుకోలేను.

ఈ మేలు నా ఒక్కదానికే కాదు. బుధవారాల్లో మిషన్ ఆవరణలో లెరోలె ఇతరులను కూడా మోస్తుంది. మెడ నిలవని చిన్నపిల్ల ఒకతె గుర్రం చెవులు చూడటానికి తల ఎత్తుతుంది. మనుషుల కోసం ఎన్నడూ ఎత్తలేదని వాళ్ళమ్మ చెప్పింది. గనిలో కాలు పోగొట్టుకొని చెక్కకాలితో తిరిగి వచ్చిన, పెద్దరికానికి మేమంతా న్తాతే, అంటే తండ్రీ, అని పిలిచే ఫూఫోలో గారు కూడా ఎక్కుతారు. "దానికి నాలుగున్నాయి. నాకొకటి బదులిస్తే దాని సొమ్మేం పోయింది?" అంటారాయన.

3. జరిగిన సంగతి. గ్రామాధిపతి తీర్పులు చెప్పే ఖోట్లా ముందు నుంచి గుర్రం మీద పోయేవారు ఎవరైనా దిగి, టోపీ తీసి, నమస్కరించి, నడిచి దాటి, ఆ తర్వాత ఎక్కాలన్నది మా ఆచారం. దీన్ని నేను కాదనను. నన్ను చిన్నప్పటి నుంచి అధిపతి గారు ఎరుగుదురు కనుక తల వంచితే చాలు, పొమ్మనేవారు. వారు వైద్యానికి రాజధానికి వెళ్ళారు. వారి స్థానంలో సలహాదారు న్తాతే సెఖోబె గారు కూర్చున్నారు. ఆ రోజు నేను జీను మీదే టోపీ తీసి తల వంచాను.

"దిగు," అన్నారు.

"దిగలేను, న్తాతే. దిగితే మళ్ళీ ఎక్కడానికి ఇక్కడ ఎత్తు బండ లేదు."

"ఎక్కడం వచ్చి దిగడం రాదా? మా పిల్లి నయం, చెట్టెక్కినా దిగుతుంది."

కూర్చున్నవాళ్ళు నవ్వారు. ఆయన నా చుట్టూ ఒకసారి తిరిగి చూశారు.

"నడుం చూశారా, ఎలా నిలబెట్టిందో. కుంటిదట. మా ఆవిడ పెళ్ళినాడు కూడా ఇంత నిటారుగా కూర్చోలేదు."

"గుర్రం వల్లే నడుం నిలిచింది, న్తాతే."

"అలాగా. నడుం నిలిపిన గుర్రం కాళ్ళనొదిలేసిందా? అవీ బాగయ్యే ఉంటాయి. దిగు పిల్లా, నాటకాలాపి."

స్వారీ వల్ల మేలు కలుగుతుందని ఒప్పుకుంటే నేను కుంటిదాన్ని కాకుండా పోతున్నాను. మేలు లేదంటే గుర్రం నాకెందుకని అడుగుతారు. వారు ముందే ఆలోచించి ఈ మాట అన్నారని నా అనుమానం. నన్ను దింపి గొర్రెతోలు మీద కూర్చోబెట్టి, గుర్రాన్ని బందెలదొడ్డికి తోలారు. అధిపతి గారు తిరిగి వచ్చి విచారించే దాకా అక్కడే ఉంటుందన్నారు.

4. గుర్రం లేదు గనుక, మనవి చేసుకోవడానికి ఖోట్లాకు వెళ్ళే దారి కూడా లేదు. న్తాతే ఫూఫోలో గారు నన్ను ఒంటిచక్రపు తోపుడుబండిలో కూర్చోబెట్టి తోసుకొని వెళ్ళారు. ఇసుకలో ఆయన చెక్కకాలు దిగబడినప్పుడల్లా ఆగవలసి వచ్చింది. తీరా వెళ్ళాక, న్యాయపీఠం ముందు బండిలోంచి లేవలేదని సెఖోబె గారు నా మీద రెండో నేరం మోపారు. "ఈమెకు కూర్చోవడం బాగా అలవాటైంది," అన్నారు. ఫూఫోలో గారు, "మీకూ అంతే కదా, అధిపతి గారి కుర్చీలో," అన్నారు. అందుకు ఆయన మీద కూడా నేరం మోపారు. బండి మీద మాత్రం ఇంకా ఏమీ మోపలేదు.

5. నా అనుమానాలను తమ పరిశీలనార్థం వ్రాస్తున్నాను. బందెలదొడ్డిలో పశువుకు ఎండుగడ్డి కూడా సరిగా వేయరని ఊరందరికీ తెలుసు. లెరోలె మాత్రం ఒళ్ళు నిగనిగలాడుతున్నది. కొత్త లాడాలు కొట్టించారు. ఖైదీకి కొత్త చెప్పులు ఎవరు కుట్టిస్తారు? రాజుగారి పుట్టినరోజు పందేలు దగ్గరపడ్డాయి. సెఖోబె గారి మేనల్లుడు త్సీత్సోకు పందేల పిచ్చి ఉన్నది, గుర్రం లేదు. సాయంత్రాలు ఏటి పక్క మైదానంలో దుమ్ము రంగు గుర్రం ఒకటి పరిగెడుతున్నదని మా పక్కింటావిడ చూసి చెప్పింది. ఆమె ఎందుకు చెప్పిందో కూడా ఆలోచిస్తున్నాను.

నా ధ్రువపత్రం "ఊరికే చూసి ఇస్తా"నని సెఖోబె గారు రెండుసార్లు కబురు పంపారు. నేను ఇవ్వలేదు. ఆ తర్వాత ఒక గుమ్మడికాయ పంపారు. ఎందుకు పంపారో తెలియదు. దాన్ని కొయ్యలేదు.

6. ఈ విషయంలో తొందర ఎందుకంటే, నాకు గుర్రం ఒక్కటే చాలదు. నిలబడే గుర్రం కావాలి. నేను బండ మీది నుంచి ఒక కాలు చేత్తో ఎత్తి అవతలికి వేసి, నడుము సర్దుకొని, రెండో కాలు రికాబులో పెట్టేసరికి జపమాలలో పది పూసలు తిరుగుతాయి. అంతసేపూ అది కదలకూడదు. ఒక్క అడుగు వేసినా నేను రాళ్ళ మీద పడతాను. ఇలా నిలబడటం నేర్పడానికి మా నాన్నకు రెండు శీతాకాలాలు పట్టింది. పందెపు గుర్రానికి నేర్పేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. వీపు మీద బరువు తగలగానే దూకాలి. ఆ చదువు దానికి ఒంటబడితే తమరు తీర్పు నాకు అనుకూలంగా ఇచ్చినా లాభం లేదు. నా గుర్రం నా గుమ్మంలోనే ఉంటుంది. నేను మాత్రం దాన్ని ఎక్కలేను.

కనుక లెరోలెను వెంటనే విడుదల చేయించవలసినదిగాను, విచారణ జరిగే దాకా ఎవరినీ దాని మీద ఎక్కనివ్వరాదని ఉత్తర్వు ఇవ్వవలసినదిగాను, దిగలేని మనిషి జీను మీది నుంచి పెట్టిన నమస్కారం కూడా నమస్కారమేనని ఖోట్లాకు తెలియజేయవలసినదిగాను వేడుకొనుచున్నాను. మూడవదానికి తమకు అధికారం లేదని ఎవరైనా చెబితే, వారు సెఖోబె గారికి ఏమవుతారో కనుక్కోవలెను.

ఇతరులు చదివి వినిపించగా కాక, తమరు స్వయంగా చదివి చిత్తగించవలెను.

గుర్రం తిరిగి వచ్చువరకు తమ విధేయురాలు,
త్సెలెంగ్ లెటూకా

తాజా కలం: దీన్ని తపాలాలో వెయ్యలేదు. ఉత్తరాల సంచీ సెఖోబె గారి దుకాణంలోనే కడతారు. తమకే ఇద్దామని దాచి ఉంచాను.

నిన్న పందేలకు ఫూఫోలో గారు నన్ను బండిలో మైదానానికి తోసుకెళ్ళారు. త్సీత్సో లెరోలెను మిగతా గుర్రాలతో వరసలో నిలిపాడు. జెండా దించగానే అన్నీ దూకాయి, ఇదీ దూకింది. కొంత దూరం పోయి, వరస తప్పి, మా బండి దగ్గరికి వచ్చి పక్కగా ఆగింది. త్సీత్సో కిందపడ్డాడు. ఇది నా మీద ప్రేమ అని నేను అనను. అలిసిపోయి ఉండవచ్చు, కొరడాకు భయపడి ఉండవచ్చు. ఫూఫోలో గారు బండిని బిగించి పట్టుకొని, "చూస్తావేంటి తల్లీ, ఎక్కు," అన్నారు. ఎక్కాను. సగం ఎక్కాక అది ఒక అడుగు వేసింది. ఆయన పట్టుకోకపోతే పడిపోయేదాన్ని. ఇంతకుముందు ఎన్నడూ వెయ్యలేదు.

బందెలో ఉన్న పశువును తీసుకుపోతే దొంగతనమని నాకు తెలుసు. రాత్రి మిషన్‌లో ఆగి ఉదయమే బయలుదేరాను. ఇప్పుడు తమ కార్యాలయం గేటు ముందు ఉన్నాను. దిగి లోపలికి వచ్చి అర్జీ ఇమ్మని తమ గుమాస్తా అంటున్నాడు. అతని కలమే అడిగి జీను మీద పెట్టి ఇది రాస్తున్నాను. వెనక రోడ్డు మీద సెఖోబె గారి గొంతు వినబడుతోంది.

నేను దిగలేను. తమరే బయటికి రావాలి. గుర్రం ఇప్పటికైతే నిలబడే ఉంది. ఎంతసేపు నిలబడుతుందో ఇదివరకైతే చెప్పగలిగేదాన్ని.