పదిహేడు నంబరు పానా

సెప్టెంబర్ 22, ఆదివారం

ఇవాళ పానాలన్నీ దింపి నూనె పెట్టాను. మొత్తం ఇరవై మూడు. మా ఆవిడ కుమారి చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి, ఈ ఇనపముక్కలకి చేసే సేవలో సగం నాకు చేస్తే ఈపాటికి నా మోకాళ్లు బాగుపడేవి అంది. నిజమే. పైకి మాత్రం ఒప్పుకోలేదు.

చూసేవాళ్లకి ఇవి మామూలు పానాలే. మామూలు పానాతో అయితే నట్టుని కొంచెం తిప్పాలి, పానా బయటికి తియ్యాలి, మళ్లీ పెట్టాలి. ఇవి రాచెట్ పానాలు, వీటికి ఒక దవడలో స్ప్రింగ్ మీద చిన్న ముక్క ఉంటుంది. వెనక్కి తిప్పితే ఆ ముక్క లోపలికి పోతుంది, నట్టు మీంచి తియ్యకుండానే పానా వెనక్కి వచ్చేస్తుంది. ముందుకి తిప్పితే మళ్లీ పట్టు. టిక్, టిక్. శ్రీకాకుళం డిపోలో ముప్పై రెండేళ్లు బస్సుల కింద వెల్లకిలా పడుకున్నవాణ్ణి. ఆ టిక్ విలువ నన్నడగాలి.

ఇరవై రెండింటికి నూనె పెట్టాను. ఇరవై మూడోదాన్ని గుడ్డలోంచి తియ్యలేదు. ఎప్పుడూ తియ్యను.

సెప్టెంబర్ 24, మంగళవారం

వాన. కుడిచేతి బొటనవేలు మళ్లీ పట్టేసింది.

సెప్టెంబర్ 27, శుక్రవారం, మధ్యాహ్నం 3

మేనకోడలు దుర్గాభవాని వచ్చింది. లక్ష్మణమ్మక్క కూతురు, అంటే ఎర్రన్న బావ కూతురు. ఆఖరిసారి ఈ గుమ్మం తొక్కినప్పుడు దానికి పన్నెండేళ్లు. ఇప్పుడు ముప్పై ఒకటి. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివి, కళింగపట్నంలో బావతో పాటు పడవ ఇంజన్లు చూస్తోంది. గోళ్లలో మసి చూసి సంతోషం వేసింది.

బావకి కంటి ఆపరేషన్ అయిందట, కొన్నాళ్లు వంగకూడదట. ఒక పడవ ఇంజన్లో డీజిల్ పైపు నట్టు ఇరుకులో పడిందట. మావా, పైపు అడ్డం, రింగు పానా దూరదు, మామూలు పానా యేస్తే యేలెడంతైనా తిరగదు, ఏటి సెయ్యమంటావు అంది. నీకాడ పదేడు నంబరు రాచెట్‌ది ఉన్నాదని అమ్మ సెప్పింది అంది. నిన్నెవరు పంపారు, మీ నాన్నా అని అడిగాను. నాన్నకి తెలిస్తే రానిస్తాడేటి అంది.

నా దగ్గర పదిహేడువి రెండున్నాయి. ఒకటి లావు తలది, ఆ ఇరుకులో పట్టదు. రెండోది గుడ్డలో ఉంది. అది పాడైపోయిందన్నాను. నా మొహంలోకే చూస్తూ, నువ్వు మెకానిక్‌వి కదా మావా, బాగుసెయ్యి అంది. టీ తాగి బస్సెక్కింది.

సెప్టెంబర్ 28, శనివారం

ఈ సంగతి ఇన్నేళ్లలో ఎక్కడా రాయలేదు. రాస్తాను.

మా ఆదివారాలన్నీ విశాఖ పాతసామాన్ల కొట్లలోనే గడిచేవి. బావా నేనూ తెల్లారి మొదటి బస్సెక్కేవాళ్లం. ఓడల్లోంచి వచ్చిన ఇనుము గుట్టలు గుట్టలుగా ఉండేది. మధ్యాహ్నం దాకా వెతికి, ఉల్లి పకోడీ తిని, ఆ పొట్లం నూనెతోనే చేతుల మసి వదిలించుకునేవాళ్లం. నేను గంటసేపు వెతికినా దొరకనిది బావకి ఒక్క చూపులో దొరికేది. ఆ పదిహేడు నంబరు అలాగే దొరికింది. పల్చటి తల. అక్షరాలు అరిగిపోయాయి, ఏ దేశందో తెలీదు. తనకీ కావలసిన పానాయే. ఒరే జగ్గూ, నువ్వలా సూస్తా ఉంటే నానెలా ఉంచుకుంటాన్రా అని నా చేతిలో పెట్టేశాడు. అంత ఆనందం నాకు ఉద్యోగం వచ్చిన రోజున కూడా లేదు.

2005 దసరా. ఎప్పట్లాగే పానాలన్నీ పూజలో పెట్టాం. ఆ రోజు వాటిని ముట్టుకోం. మర్నాడు పొద్దున్నే బావ వచ్చి ఆ పదిహేడు అడిగితే పీట మీంచి తీసి, పైపైన తుడిచి ఇచ్చాను. సాయంత్రం తిరిగొచ్చాడు. పానాలో ముక్క లోపలే బిగిసిపోయింది. నట్టు మీంచి జారి మూలలు అరగ్గొట్టిందట. బావ వేళ్ల మీద తోలు లేచిపోయింది. నేను వేళ్లు చూడలేదు, పానానే చూశాను.

బిగుసుకున్న నట్టుని ముందు మామూలు పానాతో కదిలించాలి, తర్వాతే ఇది వాడాలి. వందసార్లు చెప్పాను. నువ్వు బలం కోసం దీని పిడికి పైపు తొడిగి లాగావన్నాను. పడవ ఇంజన్లు చేసే చేతికి సుత్తి చాలు, పానాలెందుకన్నాను. వాకిట్లో, అమ్మ ముందు, అక్క ముందు, పిల్లల ముందు. బావ ఒకసారి అమ్మ వైపు చూశాడు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

2011లో అమ్మ పోయినప్పుడు వచ్చాడు. దూరంగా నిలబడి, శ్మశానం నుంచి అటే వెళ్లిపోయాడు. నేను పిలవలేదు. పానా మాత్రం సాక్ష్యంలా గుడ్డలో దాచాను.

సెప్టెంబర్ 30, సోమవారం, ఉదయం 11

విప్పాను. పిన్ను డ్రిల్లుతో తీసేశాను. ముక్క బయటికొచ్చింది. స్ప్రింగ్ విరగలేదు. ముక్క మీద చిన్న గీతైనా లేదు. పైపు తొడిగి లాగితే ఇలా ఉండదు.

స్ప్రింగ్ గాడి నిండా ఏదో గట్టిగా పేరుకుంది. సూదితో గీకాను. పసుపు.

కాగితం మీద రాల్చి వాసన చూశాను. పసుపే. నేను పానాలకి కుంకుమ బొట్టు పెట్టి ఊరుకునేవాణ్ణి. అమ్మ వెనకాల వచ్చి గడపకి రాసినట్టు దిట్టంగా పసుపు ముద్ద రాసేది. మర్నాడు కూర్చుని ఒక్కొక్కటీ కిరసనాయిలుతో కడగడం నా పని. ఆ ఏడు అది కడక్కుండానే బావ చేతికిచ్చాను. నేనే ఇచ్చాను.

సాయంత్రం 5

కొత్త పిన్ను వేశాను. చుక్క నూనె. టిక్.

పందొమ్మిదేళ్లకి విన్నాను ఆ చప్పుడు. ఏడుపు ఆగలేదు. కుమారి చూసి, వేలు నొప్పా అంది. అవునన్నాను.

అక్టోబర్ 1, మంగళవారం

వెళ్లలేదు.

అక్టోబర్ 2, బుధవారం

బస్టాండ్ దాకా వెళ్లి తిరిగొచ్చాను. భవాని చేతికి పంపేస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. అంత పిరికివాణ్ణని నాకే తెలీదు.

అక్టోబర్ 4, శుక్రవారం

వెళ్లాను.

బావ నల్లకళ్లద్దాలు పెట్టుకుని షెడ్డులో నులకమంచం మీద కూర్చున్నాడు. ముసలాడైపోయాడు. నేరుగా పానా చేతిలో పెట్టాను. బావ బొటనవేలు తడుముకుంటూ వెళ్లి ముక్క మీద ఆగింది. నొక్కాడు. వదిలాడు. జగ్గూ, బాగుసేసినావురా అన్నాడు.

తప్పు నీది కాదు బావా, లోపల పసుపు బిగిసింది అన్నాను. తెలుసురా అన్నాడు. ఆ రోజే తెలుసు, పట్టు జారి సేతికి దెబ్బ తగిలినప్పుడే దవడలోంచి యేళ్లకి పసుపంటింది అన్నాడు.

మరెందుకు చెప్పలేదని అరిచాను. ఇప్పుడు కూడా అరిచాను! బావ నవ్వాడు. సూడు, ఇలాగే అరుస్తావనే అన్నాడు. సెప్తే ఏటవుతాది, నామీద అరిసినట్టే అత్త మీద అరుస్తావు, నాను ఇంటికెళిపోతాను, ఆ ముసలిది ఎక్కడికెళ్తాది అన్నాడు.

 అమ్మ ఇంకో ఆరేళ్లు బతికింది. ఆ ఆరేళ్లూ ఆవిడ వడ్డిస్తుంటే తింటూ బావని తిట్టాను. అమ్మ ఏనాడూ బదులు చెప్పలేదు. ఆవిడకీ తెలుసా అని బావని అడగాలనుకున్నాను. అడగలేదు.

తర్వాత నేనూ భవానీ పడవలోకి దిగాం. నా బొటనవేలు సహకరించలేదు, నట్టు సగం భవానీయే తిప్పింది. షెడ్డులోంచి బావ టిక్‌లు పైకి లెక్కపెడుతున్నాడు. ముప్పై ఒకటికి నట్టు ఊడింది. అక్క చేపలు వేయించింది, ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. పానా అక్కడే వదిలేసి వచ్చాను.

అక్టోబర్ 12, శనివారం

ఆయుధపూజ. ఇరవై రెండింటికీ పిడి మీద కుంకుమ బొట్టు పెట్టాను.

సాయంత్రం భవాని ఫోన్ చేసింది. నాన్న పదేడు నంబరుకి అమ్మమ్మలాగే పసుపు ముద్ద రాసీసినాడు మావా, తుడిసెయ్యమంటావేటి అని అడిగింది.

రేపటిదాకా ఉండనీ అన్నాను.