తాళం మారింది

చిరంజీవి ఆడపడుచుకి,

వదిన దీవించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు కూడా క్షేమమేనని రేడియోలో తెలిసింది. ఇదివరకైతే నీ నోటినుంచే తెలిసేది.

నీ కొత్త పాట గురించి నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాను. నాలుగుతో ఆగితే నీ అదృష్టం.

నిన్న దుకాణంలో కూర్చుని తాళంచెవులకి చీటీలు కడుతుంటే రేడియో ఆవిడ నీ పేరు చెప్పి, "సరికొత్త బాణీలో" అంది. నీ గిటారు వినగానే రుమాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. ఇంతలో ధన్ ధన్ ధన్ అని డోలు! ఎవరో మెట్లమీంచి బీరువా దొర్లించారనుకుని వీధిలోకి పరుగెత్తాను.

ఇన్నేళ్లూ నువ్వు విరహం పాడితే నేను ఏడ్చాను. వారమంతా ఏడవాల్సినవన్నీ దాచిపెట్టుకుని, నీ పాట పెట్టుకుని ఒక్కసారే హాయిగా ఏడ్చేదాన్ని. పక్కన డోలు మోగుతుంటే మనిషి ఎలా ఏడుస్తుంది? వెక్కిళ్లు దరువులో పడుతున్నాయి.

సరే, అదీ భరిస్తాను. అసలు బాధ వేరే. నువ్వు ఏ పాట కట్టినా ముందు వినేది నేను. గురువారం బస్సెక్కి, నువ్విచ్చిన తాళంచెవితో తలుపు తీసుకుని, నీ వంటింట్లో స్టూలు మీద కూర్చుంటే, నువ్వు ఉల్లిపాయలు తరుగుతూ వినిపించేదానివి. ఈ ఏడాది మీ అన్నయ్య తాళం పని ఉందంటూ గురువారం గురువారం మీ ఊరొస్తున్నారు. దుకాణం నా నెత్తిన పడింది, రాలేకపోయాను. రాలేనిదాన్ని మరిచిపోవడమేనా? లోకమంతా విన్నాక, పాత ఇనుము కొనేవాడు కూడా విన్నాక, నేను విన్నాను. నాకు కుళ్లుగా ఉంది. దాచుకోను.

వీధిలో నీ పేరు ఏమైందో కూడా విను. ఎదురింటి పళ్ల డాక్టరు వాకిట్లో ఎప్పుడూ నీ పాత క్యాసెట్టు పెట్టేవాడు. వచ్చినవాళ్లు ముందే ఏడ్చేసి కుర్చీలో నిమ్మళంగా కూర్చునేవారు. నిన్న కొత్తది పెట్టాడు. చెయ్యి దరువుకి ఊగి పక్క పన్ను పీకాడు. రిటైరైన హెడ్‌మాస్టరుగారు, నిద్రపుచ్చే పిల్ల నిద్ర లేపుతోందేమిటని క్యాసెట్టు నా బల్లమీద పడేసి వెళ్లారు. పై అంతస్తు ముసలమ్మ మాత్రం ఎన్నాళ్లకో మెట్లు దిగి వచ్చి, ఇంకాస్త గట్టిగా పెట్టమంది. ఆవిడ మాట లెక్కలోకి తీసుకోకు, ఆవిడకి చెవుడు.

ఇట్లు,
నీ మొదటి శ్రోత (అని ఇన్నాళ్లూ అనుకున్న)
వదిన

తా.క. ఆ డోలు వాయించేవాడెవడో గానీ వాడి చేతులు పడిపోను. మీ అన్నయ్య ముందు కూడా ఇదే అన్నాను. ఏదో చెప్పబోయి మానేశారు.

---

వదినకి నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. కవరు ముట్టుకుంటేనే చెయ్యి కాలింది.

నామీద కోపం నీ ఒక్కదానికే కాదు, రోజూ సంచీడు ఉత్తరాలు వస్తున్నాయి. ఒకాయన, నన్ను విని కవి అయ్యాడట, ఇప్పుడు మళ్లీ గుమాస్తాగా మారాల్సి వస్తోందట. ఒకావిడ ఇలా రాసింది: "మీ పాత పాటలు విని మా ఆయన్ని వదిలేశాను. కొత్తది విని మళ్లీ కలిసిపోయాను. ఇకమీద కాస్త ఆలోచించి పాడండి." తిట్టిందో పొగిడిందో తేలక, ఆ ఉత్తరాన్ని తిట్ల కట్టలోనూ, పొగడ్తల కట్టలోనూ పెట్టలేక బల్లమీదే ఉంచాను.

వదినా, విరహం పాడీ పాడీ నాకే ఏడుపు రావడం మానేసింది. జనం ఏడుస్తుంటే నేను మధ్యలో కూరగాయలు ఏం కొనాలా అని ఆలోచిస్తున్నాను. అది మోసం కాదూ? అందుకే తాళం మార్చేశాను. ఎంతకాలమని ఆ పాత తాళమే వేసుకుంటూ కూర్చోను? అది తుప్పు పట్టిపోయింది. ఇప్పుడొక పెద్దమనిషి వచ్చి కొత్త తాళం వేస్తున్నాడు. ఇంత గట్టి తాళం నేనెక్కడా చూడలేదు. ప్రాణం లేచొచ్చింది.

నిన్ను మరిచిపోలేదు. కారణముంది, ఇప్పుడే చెప్పలేను.

ఇట్లు,
నీ ఆడపడుచు

తా.క. చేతులు పడిపోను లాంటి మాటలు అనకు వదినా. ఎవరికి తగులుతాయో ఎవరికి తెలుసు?

---

శ్రీమతి గాయనిగారికి,

ఇకనుంచి ఇలాగే పిలుస్తాను.

తాళం మార్చావా? మా మామగారు తాళాలు చేశారు, ఆయన తండ్రి తాళాలు చేశారు, నీ సొంత అన్నయ్య పొద్దుటినుంచి రాత్రిదాకా ఆకురాయి పట్టుకుని తాళాలే బాగుచేస్తారు. ఆ ఇంట పుట్టిన పిల్లవి పరాయివాడిని పిలిచి తాళం వేయించుకుంటావా? తుప్పు పట్టిందట! ఒక్క చుక్క నూనె వేయమంటే మీ అన్నయ్య వేయరా? అది ఆయన చేతులతో చేసిన ఇత్తడి తాళం. నువ్వు ఊరు వెళ్లేటప్పుడు ఆయన మాట్లాడలేక చేతిలో పెట్టింది అదే కదా.

పైగా ఇంత గట్టి తాళం ఎక్కడా చూడలేదని నాకే రాస్తావా? తాళాలమ్మేవాళ్ల ఇంటికి?

దుకాణానికి జరిగిన అవమానం ఎలాగో దిగమింగుతాను, నేను గట్టిదాన్నే. నా గుత్తిలో నీ ఇంటి చెవి ఉంది. దుకాణంలో అన్నిటికీ చీటీ కడతాను గానీ దానికి కట్టలేదు, చీకట్లో తడిమినా తెలుస్తుంది. అది ఇక ఏ తలుపుకీ పట్టదన్నమాట. ఇన్నాళ్లూ నీ ఇంటి చెవి నా దగ్గరుండేది, నా చెవి నీ ఇంట్లో ఉండేది. రెండూ పోయాయి. సూటిగా రాకు అంటే పోయేది కదా, తాళం మార్చడం ఎందుకు?

ఇట్లు,
ఒకప్పటి వదిన

తా.క. మీ అన్నయ్యతో చెప్పి కుమిలిపోయాను. "అవును, తాళం మారింది, బాగానే ఉంది" అని నూనె డబ్బా పట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. చెల్లెలంటే అంత గుడ్డిప్రేమ.

---

వదినా! వదినా! వదినా!

నమస్కారం ఈసారి చివర్లో పెడతాను, ముందు ఊపిరి పీల్చుకోనీ.

నా తలుపుకున్నది అన్నయ్య చేసిన తాళమే. నీ చెవి దానికి పడుతుంది. నేను మార్చింది పాట తాళం! దరువు! ధన్ ధన్ ధన్! తాళాల కొట్టులో ఉండేవాళ్లకి తాళమంటే ఇంకో అర్థం ఉందని గుర్తుండదని నాకు తెలియాల్సింది. నేను మాత్రం ఆ ఇంట్లో పుట్టలేదూ?

పెద్దమనిషంటే డోలు వాయించే ఆయన. గురువారం వస్తాడు, మాట్లాడడు, రెండు కప్పుల టీ తాగి వాయించి పోతాడు. ఆ చేతుల్లో ఏముందో గానీ వింటే కూర్చోబుద్ధి కాదు. తన పేరు రేడియోలో చెప్పొద్దన్నాడు. పెళ్లయినవాడు, వాయిస్తున్నట్టు భార్యకి తెలియదు. తెలిస్తే ఏమంటుందోనని భయం. పాట తనకి నచ్చిందని ఆవిడ నోటినుంచి వినేదాకా చెప్పనంటాడు. అందాకా నన్నూ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు.

నీకు ముందు వినిపించలేకపోయింది అందుకే. ఇంతకంటే అడగకు.

నమస్కారాలతో,
నీ ఆడపడుచు

తా.క. పాత సంచీడు ఉత్తరాల పక్కన కొత్త సంచీ మొదలైంది. ఒక రొట్టెల దుకాణం ఆవిడ ఈ పాట పెట్టుకుని పిండి పిసికితే రొట్టె బాగా పొంగుతోందట. మీ వీధేనా?

---

చిరంజీవి ఆడపడుచుకి,

మన వీధే. ఆవిడ రొట్టె పొంగితే పొంగనీ, నా గుండె పొంగడం లేదు.

తాళం సంగతి అర్థమైంది. నా బుద్ధి గడ్డి తింది, ఒప్పుకున్నాను. కానీ నువ్వు రాసినదానికి తాళమే నయం. పెళ్లయినవాడు! గురువారం గురువారం! ఇంట్లో చెప్పకుండా! పైగా ఆ చేతుల గురించి నువ్వు రాసిన వాక్యం పళ్ల డాక్టరుకి వినిపిస్తే ఆయన కూడా నోరు తెరిచాడు. ఎవరి కొంప ముంచుతున్నావమ్మా? పాట మారితే మారింది, నువ్వు మారకు.

మీ అన్నయ్యని నిలదీశాను. గురువారం చెల్లెలింటికి వెళ్లి వస్తున్నారు కదా, ఆ డోలువాడిని ఎప్పుడైనా చూశారా అని. "ఎదురుగా ఎప్పుడూ చూడలేదు" అన్నారు. అంటే ఈయన కంట పడకుండా తప్పుకుంటున్నాడన్నమాట. ఎంత గుండెలు తీసిన బంటు!

నాకు ఆ ఇల్లాలి మీదే జాలి. నన్ను తోసేసి నా స్టూలు మీద కూర్చున్నవాడు, ఆమెకి కూడా లేకుండా పోయాడు. ఇద్దరం ఒకటే పడవలో ఉన్నాం. అందుకే ఆమెకి ఉత్తరం రాసి, వేరే కవరులో పెట్టి దీనితో పంపుతున్నాను. నీ మీద నాకింకా నమ్మకముంది కాబట్టి అంటించలేదు, చదువుకో. ఇదీ సంగతి:

"అమ్మా, నువ్వెవరో నాకు తెలియదు. నీ మంచి కోరి రాస్తున్నాను. నీ భర్త వారం వారం ఏం చెప్పి ఊరెళ్తున్నాడో ఒక్కసారి గట్టిగా అడుగు. మనం అమాయకులం కాబట్టే మగవాళ్లు ఇంత ధైర్యం చేస్తారు. అందరూ అలాంటివారనను. మా ఆయన్నే చూడు, దేవుడు. తాళం పని మీద వెళ్లి తిన్నగా ఇంటికొస్తారు. పని ఎంత కష్టమో, వచ్చేసరికి అరచేతులు వాచి ఎర్రగా ఉంటాయి. నేనే నూనె రాసి కాపడం పెడతాను. అలాంటి భర్త అందరికీ దొరకడు. ఇట్లు, నీ శ్రేయోభిలాషి."

చిరునామా నీకు తెలిసే ఉంటుంది. రాసి పోస్టు చెయ్యి. చెయ్యకపోతే ఈ జన్మకి నీ గుమ్మం తొక్కను.

ఇట్లు,
వదిన

తా.క. పాట బాగుందని మాత్రం నా నోటినుంచి రాదు. నిన్న వంట చేస్తుంటే గరిట దానంతట అదే మోగింది. అది గరిట తప్పు.

---

వదినకి నమస్కారాలు.

నీ ఆజ్ఞ ప్రకారం చిరునామా రాసి, బిళ్ల అంటించి, డబ్బాలో వేశాను. ఎవరికీ చెప్పనని ఒట్టు వేశాను గానీ పోస్టు చెయ్యనని వెయ్యలేదు. ఆ చిరునామా నాకు కంఠతా వచ్చు.

ఇట్లు,
నీ ఆడపడుచు

తా.క. ఉత్తరం అందాక ఆవిడ ఏం చేసిందో తెలిస్తే రాయి. నాకంటే నీకే ముందు తెలుస్తుంది.

---

ఓసి నా దొంగ ఆడపడుచా,

పొద్దున్న పోస్టుమ్యాన్ కవరిచ్చాడు. కళ్లజోడు లేకుండానే విప్పాను. "నీ మంచి కోరి రాస్తున్నాను. నీ భర్త వారం వారం" అన్నదాకా చదివి కవరు కొంగుచాటున దాచేశాను. ఎవరో మహాతల్లి నా కాపురం నిలబెట్టడానికి రాసింది, చేతిరాత మాత్రం దరిద్రంగా ఉందనుకున్నాను. కళ్లజోడు తెచ్చుకుని మళ్లీ చదివాను. "మా ఆయన్నే చూడు, దేవుడు" దగ్గర ఆ మహాతల్లి ఎవరో తెలిసింది.

దేవుడు అప్పుడు ఆకురాయి పట్టుకుని కూర్చున్నాడు. ఉత్తరం ముందు పెట్టాను. ఆసాంతం చదివి, మడిచి, "తాళం పని మీద వెళ్తున్నానని చెప్పానుగా" అన్నారు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన వేసిన మొదటి జోకు ఇది. నవ్వాలో కొట్టాలో తెలియక చతికిలబడ్డాను.

రేడియోలో పాటొచ్చిన రోజే చెబుదామనుకున్నారట. నోరు తెరిచేలోపు నేను చేతులు పడిపోవాలన్నాను. ఆ చేతులకే ఆ సాయంత్రం నూనె రాశాను. ఒక పక్క శాపం, ఒక పక్క కాపడం. ఏది పనిచెయ్యాలో తెలియక ఆ చేతులు ఎంత తికమకపడ్డాయో!

కుళ్లు తగ్గిందనుకుంటున్నావేమో, రెట్టింపైంది. నీ పాట నాకంటే ముందు విన్నారని ఆయనమీద. నా మొగుడు వాయిస్తే నాకంటే ముందు విన్నావని నీమీద. మొన్నటిదాకా ఒకవైపే మండేది.

వాయించండి అన్నాను. డోలు మీ చెల్లెలింట్లో ఉందన్నారు. పనిముట్ల పెట్టె బోర్లించి ముందు పెట్టాను. దుకాణం తలుపు మూసి, సిగ్గుపడుతూ మొదలుపెట్టారు. ఆడపడుచా, ఇన్నాళ్లూ ఈ మనిషికి చెప్పడానికేమీ లేదనుకున్నాను. మాటలు రాని మనిషని ఇరుగుపొరుగుకి నేనే చెప్పుకునేదాన్ని. ఇంత చెప్పాలని ఉండి, చెప్పే దారి లేక ఇన్నేళ్లూ నా పక్కన కూర్చున్నారా? నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ఆపబోయారు. ఆపితే ఊరుకోనన్నాను.

అప్పుడు జరిగింది అసలు సంగతి. దరువు గట్టిపడేసరికి గోడ మేకులకి వేలాడుతున్న తాళంచెవులన్నీ ఒక్కసారిగా గలగలమన్నాయి. ఆయన ఆపితే ఆగుతున్నాయి, కొడితే మోగుతున్నాయి. ఆ మోత నీ పాటలో లేదు. నీకు తెలియదు. రేడియోకి తెలియదు. లోకంలో అందరికంటే ముందు నేను విన్నాను.

ఇక గురువారం ఆయన రారు. ఆ మోత కావాలంటే గిటారు పట్టుకుని నువ్వే బస్సెక్కు.

ఇట్లు,
నీ వదిన, తాళంచెవుల వాద్యం

తా.క. ఇనపవాటికంటే ఇత్తడివి బాగా మోగుతున్నాయని కనిపెట్టి, మధ్య వరస మొత్తం ఇత్తడివే తగిలించాను. ఇంతలో హెడ్‌మాస్టరుగారు బాగుచెయ్యమనిచ్చిన తన ఇంటి చెవి కోసం వచ్చారు. అది పాటలో ఉంది, తీస్తే శ్రుతి పోతుంది, ఇవ్వడం కుదరదన్నాను. పాపం, ఇంకా గుమ్మంలోనే నిలబడ్డారు. కాలితో తాళం మాత్రం సరిగ్గానే వేస్తున్నారు.