పింకు బాత్రూం ఉన్న పైవాటా

జూన్ 14, 1998. ఆదివారం

ఇన్నీసుపేట. రామ్మోహనరావు గారి మేడమీద వాటా. పొద్దున్నే సామాను చేరింది. రెండు ట్రంకు పెట్టెలు, మంచం, గ్యాసు పొయ్యి, పుస్తకాలు. ఒక పడకగది, ముందు చిన్న హాలు, పక్కన వంటిల్లు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వాళ్ళ తాతగారు కట్టించిన మేడట. మూరెడు మందం గోడలు. వాటిమీద ఇప్పుడు జిగేలుమనే ఆయిల్ పెయింటు. టేకు దూలాలు కనబడకుండా తెల్లటి సీలింగు. ఎర్ర గచ్చు మీద టైల్సు.

ఇల్లుగలాయన ఒక్కో స్విచ్చూ వేసి చూపించారు. "బాత్రూం చూడండి మేడం గారూ. మొత్తం పింకేనండి! కమోడు, సింకు, టైల్సు. రాజమండ్రిలో ఇలాంటిది ఇంకోటుంటే చెప్పండి."

చూస్తే కళ్ళు మండాయి. పెయింటు వాసన ఇంకా పోలేదు. అయినా... వాటాకి తలుపుంది. లోపల గడియ ఉంది. తణుకులో అన్నయ్య ఇంట్లో అందరూ టీవీ చూసి లేచాక హాల్లో పరుపు పరుచుకుని ఎనిమిదేళ్ళు పడుకున్నదాన్ని. ఈ గడియ నాలుగుసార్లు వేసి తీశాను.

జూన్ 17

వాన. మంచం పక్క గోడకి అరచేతంత బొబ్బ లేచింది. వేలితో నొక్కితే చితికింది. లోపల్నించి పసుప్పచ్చ నీళ్ళు, కుళ్ళిన సున్నం. చెయ్యి మూడుసార్లు కడుక్కున్నా వాసన పోలేదు.

జూన్ 20

కాలేజీలో ఫస్టియర్ పిల్లలకి రొట్టె మీద బూజు మైక్రోస్కోపులో చూపించాను. ఛీ అంటూ మూతులు తిప్పుకున్నారు. నేను ఇంటికెళ్ళి అలాంటి గోడ పక్కనే పడుకుంటున్నాను.

జూన్ 23

సబ్బు మీద వెంట్రుక. బారెడు. సగం తెలుపు, చివర గోరింటాకు ఎరుపు. నాది కాదు. పొద్దున్న ఆరబెట్టి వెళ్ళిన సబ్బు సాయంత్రం ఐదింటికి తడిగా ఎందుకుంది?

కాగితంతో పట్టుకుని, సబ్బు వెంట్రుకతో సహా కిటికీలోంచి విసిరేశాను. తర్వాత తువ్వాలు కూడా. దానితో పొద్దున మొహం తుడుచుకున్నాను మరి... నీళ్ళు కాచి బాత్రూం అంతా కడిగాను.

జూన్ 24

అడిగేశాను. వరండాలో పేపరు చదువుతున్నారు రామ్మోహనరావు గారు.

"మీ దగ్గర ఇంకో తాళంచెవి ఉందాండీ?"

"ఉంటుందండి మరి. సేఫ్టీకి." పేపరు కూడా దించలేదు. "మొన్న మండపేట నించి మా మిల్లువాళ్ళు నలుగురు వస్తే ఓసారి పైకి తీసుకెళ్ళి చూపించానండి. బాత్రూం చూసి నోళ్ళు వెళ్ళబెట్టారు. మీరు కూడా చాలా నీట్‌గా పెట్టుకున్నారన్నారండి."

మెచ్చుకుంటున్నాడు నన్ను. నేను లేని ఇంట్లో నలుగురు మగాళ్ళు తిరిగి, నా మంచం, తీగమీద ఆరేసిన బట్టలూ చూసి వెళ్ళారు. బాధ చెప్పినా నవ్వేస్తాడు.

"ఇంకెప్పుడూ నేను లేకుండా వద్దండి."

"అయ్యో, అలాగేనండి. దానికేముంది."

మరి ఆ వెంట్రుక? మిల్లువాళ్ళది కాదుగా.

జూన్ 28

దిండుకి కొబ్బరినూనె వాసన. తలనొప్పి మందు వాసన. నేను రెండూ వాడను. అట్ట పరుచుకుని నేలమీద పడుకున్నాను, నా సొంత ఇంట్లో.

అన్నయ్యకి ఫోను చేశాను. "ఒంటరిదానివి, గొడవలు పెట్టుకోకు. సర్దుకుపో" అన్నాడు. వెనకాల వదిన, "మళ్ళీ వచ్చేస్తానంటోందా ఏంటి?" నాకు వినబడదనుకుంది.

జూలై 3, శుక్రవారం

కరెంటు లేక ప్రాక్టికల్స్ ఆపేశారు. రెండింటికల్లా ఇంటికొచ్చాను. తలుపుకి తాళం లేదు. లోపల గడియ వేసి ఉంది. నా గడియ.

బాదాను. చాలాసేపటికి తీసింది. ఇల్లుగలావిడ, సుభద్ర గారు. ఇన్నాళ్ళూ తులసికోట దగ్గర తల వంచుకుని కనబడితే నమస్కారం పెట్టడమే. ఇప్పుడు జుట్టు విరబోసుకుని, చెంప మీద నా దుప్పటి ముడతలు అచ్చుపడి...

"ఎప్పుడూ మీరు ఐదింటికి గానీ రారు కదండీ," అంది. తప్పు నాదైనట్టు. తర్వాత ఏడుపుమొహం పెట్టింది. "కాసేపు పడుకుందామని వస్తున్నానండీ. కింద వీలవదు. వాళ్ళ మిల్లు మనుషులు, పేకాట, అత్తగారి పిలుపులు. పది గదులున్నాయి గానీ దేనికీ నేను గడియ వేసుకోకూడదు. వేసుకుంటే ఏమైందేమైందని తలుపు కొడతారు."

నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"ఈ వాటా బాగుచేయిస్తుంటే నాకోసమే అనుకున్నానండీ. ఆయనే అన్నారు, పైన నీకో గది అని. రంగు ఏదైతే బాగుంటుందంటే ఆ పింకు నేనే ఎంచాను. పని అయ్యాక టులెట్ బోర్డు పెట్టేశారు."

నా నోట్లోంచి వచ్చిన మాట, "నా సబ్బు కూడా వాడాలాండీ?"

ఆవిడ ఎర్రబడిపోయింది. బాత్రూంలోకి వెళ్ళి సబ్బు పెట్టె కడిగి బోర్లించింది. దిండు గలీబు విప్పి చంకలో పెట్టుకుంది. మెట్ల దాకా వెళ్ళి, "ఆయనకి చెప్పకండి. దణ్ణం పెడతాను" అంది.

పరుపు తిరగేశాను. ఇంకా ఆ వేడి దానిలో ఉన్నట్టే ఉంది. ఛీ.

జూలై 4

ఆవిడ గలీబు ఉతికి ఇస్త్రీ చేసి పనిమనిషితో పంపింది. పళ్ళెంలో నాలుగు ఆత్రేయపురం పూతరేకులు కూడా. ఆ చేతులే గుర్తొస్తున్నాయి. నోట పెట్టలేదు. సాయంత్రానికి పళ్ళెం నిండా చీమలు.

జూలై 6

కాలేజీకి బయల్దేరుతుంటే రామ్మోహనరావు గారు మెట్ల కింద ఎదురయ్యారు. ఆదివారం భీమవరం నించి వియ్యాలవారు వస్తున్నారట.

"మీరు ఇంట్లోనే ఉంటారుగా, ఒక్క ఐదు నిమిషాలు బాత్రూం చూపిద్దామండి. మీరున్నప్పుడే అన్నారుగా!"

అదే నవ్వు. ఆ బుగ్గలు, ఆ పౌడరు మెడ. నాలో ఏదో తెగింది.

"ఇదేమన్నా ఎగ్జిబిషనాండీ? మీరు మనుషుల్ని తిప్పేది చాలక మీ ఆవిడ రోజూ వచ్చి నా మంచం మీద పడుకుంటుంది. నా సబ్బుతో మొహం కడుక్కుంటుంది. మనిషన్నవాళ్ళు ఉండగలరా ఇక్కడ?"

ఆయన నవ్వు ఆగిపోయింది. "మా ఆవిడా?" అన్నారు మెల్లిగా. లోపలికి వెళ్ళిపోయారు.

నేను గేటు దాటకముందే కేకలు. "పది గదుల ఇంట్లో నీకేం తక్కువైంది? అద్దెకున్నవాళ్ళ పక్కల మీద దొర్లుతావా?" ఆవిడ అత్తగారు కూడా అందుకుంది. సుభద్ర గారి గొంతు మాత్రం ఒక్కసారి కూడా వినబడలేదు. రిక్షా ఎక్కాను. వెనక్కి తిరిగి చూడలేదు.

జూలై 7

పొద్దున్నే ఆయనే పైకి వచ్చి రెండో తాళంచెవి నా చేతిలో పెట్టారు. "సారీ అండి మేడం గారూ. ఇంకెవరూ రారు. నాదీ పూచీ." వియ్యాలవారి ఊసు కూడా ఎత్తలేదు. ఎంత మర్యాదో.

రెండు తాళంచెవులూ నావే ఇప్పుడు. నేను కోరింది ఇదే.

జూలై 9

అన్నం సయించడం లేదు. గోడకి బొబ్బలు ఏడు. మంచం మధ్యకి జరిపాను.

తులసికోట దగ్గర పనిమనిషి నీళ్ళు పోస్తోంది. అమ్మగారేరీ అని అడిగితే, "లోపలే ఉన్నారండి, బయటికి రావద్దన్నారండి" అంది నా కళ్ళలోకి చూడకుండా.

జూలై 12, ఆదివారం

మధ్యాహ్నం రెండు. పెరట్లో బట్టలు తీద్దామని తలుపు తీస్తే పైమెట్టు మీద సుభద్ర గారు. గోడకి జారగిలబడి, నోరు కొద్దిగా తెరిచి, నిద్ర. కొంగు సగం వానకి తడిసింది. చెయ్యి వాచి ఉంది. గాజులు లేవు ఆ చేతికి.

"లోపలికి రండి. తడుస్తున్నారు."

కళ్ళు తెరిచింది. లేవలేదు.

"వద్దండి. ఆయన భోజనం చేసి పడుకున్నారు, లేచేలోపు వెళ్ళిపోతాను."

"కాసేపు పడుకోండి. నేను హాల్లో కూర్చుంటాను. నిజంగానే అంటున్నాను."

తల అడ్డంగా ఊపింది. కోపం కూడా లేదు మొహంలో. చిన్నపిల్ల లెక్క అర్థంకాక అడిగినట్టు అడిగింది. "దణ్ణం పెట్టాను కదండీ. ఎందుకు చెప్పారండీ?"

ఆవిడే లేచింది. కొంగు పిండుకుని, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టే దిగి వెళ్ళిపోయింది.

ఎందుకు చెప్పానో రాద్దామని కూర్చున్నాను. కోపంలో అని రాశాను. కొట్టేశాను. అసహ్యం వేసి అని రాశాను. అదీ కొట్టేశాను. ఆయన మీద కోపానికి ఆవిడని ఎందుకు... సగంలో ఆపేశాను.

ఇంకో మాట ఉంది, గడియ లేని హాల్లో ఎనిమిదేళ్ళు పడుకున్నదానికే తెలిసిన మాట. అది రాయడానికి చెయ్యి రావడం లేదు.