ఆవకాయ జాడీ, అబాండన్

1975 మే, శుక్రవారం రాత్రి

ఇవాళ ట్యుటోరియల్లో వెళ్ళడానికి ఉన్న ఇంగ్లీషు మాటలన్నీ బోర్డు మీద రాశాను. రైలు కదిలితే డిపార్ట్. ఉద్యోగం మానేస్తే క్విట్. మామూలుగా ఇంట్లోంచి బయల్దేరితే లీవ్. ఇక నాకక్కర్లేదు, ఏమైపోయినా సరే అని వదిలేస్తే అబాండన్. వెనక బెంచీలోంచి మార్తమ్మ లేచి, "చెప్పకుండా పుట్టింటికి వెళ్ళిపోతే ఏదండీ, మాష్టారూ?" అంది. క్లాసంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

పొద్దున సుశీల కంకిపాడు బస్సెక్కిందని ఆ పిల్లకేం తెలుసు! రేపు వాళ్ళ తమ్ముడి గృహప్రవేశానికి నేను రానన్నానని నిన్నంతా మాట్లాడలేదు. గుమ్మం దిగేటప్పుడు 'వెళ్ళొస్తాను' అని కూడా అనలేదు. పెళ్ళయ్యాక అలా ఎప్పుడూ లేదు. నేనూ పౌరుషానికి పోయి పేపర్లోంచి తలెత్తలేదు.

సాయంత్రం ఇంటికొస్తే పక్కింటి ఫాతిమా గారు గోడ మీంచి పిలిచారు.

"సుశీలమ్మగారు మీకు చెప్పమన్నారండీ. కొత్తావకాయ జాడీలో చెయ్యి పెట్టొద్దంట. ఆదివారం మూడో రోజంట, తనే వచ్చి తిరగ కలుపుతానన్నారు."

వంటింట్లోకి వెళ్ళి చూశాను. జాడీకి వాసెన గుడ్డ బిగించి కట్టి ఉంది. అబాండన్ కాదు, అంతవరకు నయం. కానీ వచ్చేది జాడీ కోసమా, నా కోసమా? ఆదివారం దాకా కూర్చుని తెలుసుకునే ధైర్యం నాకు లేదు. పొద్దున్నే మొదటి బస్సుకి కంకిపాడు వెళ్ళాలి.

ఇస్త్రీ చొక్కా ఎక్కడ పెట్టిందో.