గాబోర్ మళ్ళీ ఆడలేదు మావయ్యా

మావయ్యా, నమస్కారం. మీరు వెళ్ళిపోయి ఏడు నెలలు నిండాయి. ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. పక్కింటి బెంగాలీ దాదా ఇప్పటికీ మన గేటు దగ్గర ఆగి, అలవాటుగా గాబోర్ ఎలా ఆడుతున్నాడని అడుగుతాడు. నేను వినపడనట్టు లోపలికి పోతాను.

ఆ గాబోర్ గురించే ఈ ఉత్తరం.

ఎక్కడి హంగేరీ, ఎక్కడి ఖరగ్‌పూర్! టీవీలో ఒక్క ఫుట్‌బాల్ మ్యాచ్ చూసి ఆ కుర్రాణ్ణి మీవాణ్ణి చేసేసుకున్నారు. రైల్వే వర్క్‌షాపు టీములో ఒకప్పుడు మీరు ఆడిన చోటే, ఎడమవైపు బ్యాక్‌గా ఆడతాడని. మీలాగే పంతొమ్మిదో ఏట ఊరు విడిచాడని. జర్మనీ, బెల్జియం, ఆఖరికి టర్కీ... "పొట్ట సేత పట్టుకుని ఎల్లినోడమ్మా, మనోడే" అనేవారు.

మీకు ఇంగ్లీషు రాదు. ప్రతి ఆదివారం నేను ఫోన్లో చదివి చెప్పాలి, పొయ్యి మీద కూర మాడిపోతున్నా సరే. "ఏటమ్మా, మనోడు దిగినాడా?" అంటూ కుంటుకుంటూ వంటింటి గుమ్మం దాకా వచ్చేసేవారు. విసుక్కున్న రోజులు కూడా ఉన్నాయి.

మీ మోకాలే కదా కొంప ముంచింది. మీ అబ్బాయీ, డాక్టరూ రెండేళ్ళు బతిమాలినా ఆపరేషన్‌కి ససేమిరా అన్నారు. అంతలో గాబోర్ మోకాలూ దెబ్బతింది. అతనికి ఆపరేషన్ చేశారని చదివితే ఎంత ఇదైపోయారో! "ఆడు లెగిసి ఆడితే నానూ సేయించుకుంతాను" అన్నారు. నేను ఆ మాట పట్టుకున్నాను.

అతను ఆడలేదు మావయ్యా. క్లబ్బు వదిలేసింది. ఇక ఆడలేనని తనే చెప్పేశాడు. ఆ వార్త వంటింట్లో చదివి, బయటికొచ్చి, దిగాడు, రెండో సగమంతా ఆడాడు అన్నాను. మీ మొహం వెలిగిపోయింది. మర్నాడే డాక్టర్ని తారీఖు అడగమన్నారు.

అలా ఎందుకన్నాను? మీరు నడవాలనేనా? మిమ్మల్ని లేపీ, కూర్చోబెట్టీ నా నడుం పడిపోయిందనా? రెండూ నిజమే. రెండోది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆసుపత్రికి బయల్దేరేముందు మళ్ళీ అడిగారు. ఆ ఊపులో అతని చేత గోలు కూడా కొట్టించేశాను. మీరు నావంక చూసి నవ్వారు. "బ్యాకోడికి గోలెందుకమ్మా, కాపలా కాస్తే సాల్దా?"

అబద్ధమని అప్పుడే తెలిసిపోయిందా? తెలిసీ ఆటో ఎక్కారా...

ఆపరేషన్ బాగానే జరిగింది. నాలుగో రోజు గుండె ఆగింది. రెండింటికీ సంబంధం లేదన్నారు డాక్టరు. నా మనసు వినడం లేదు.

నాన్నని ఒప్పించింది పార్వతేనని మీ అబ్బాయి వచ్చినవాళ్ళందరికీ చెబుతారు. అందరూ నన్ను మెచ్చుకుంటారు. ఆ మెప్పు వినలేక చస్తున్నాను.

ఇవాళ ఆదివారం. ఉన్నదున్నట్టు చదివి చెబుతున్నాను, వినండి. గాబోర్ సొంతూరు వెళ్ళిపోయాడు. పిల్లలకి ఆట నేర్పుతున్నాడట. కొంచెం కుంటుతున్నాడని రాశారు.

మీ అబ్బాయి ఖరిదా బజారుకి చేపల కోసం వెళ్ళారు. వచ్చాక అన్నం పెట్టి, తిన్నాక... కాదు, తినకముందే చెప్పేస్తాను. నా నడుం సంగతి కూడా దాచను. ఆయన నాతో మాట్లాడకపోతే మానేయనీండి.

గేటు చప్పుడైంది మావయ్యా. వెళుతున్నాను.

మీ కోడలు,
పార్వతి