డన్‌టొరిల్ కోటలో మన పొయ్యి

డన్‌టొరిల్,
బుధవారం.

అమ్మకు, నీ కొడుకు యాఖన్ దణ్ణం పెట్టి రాయునది.

ఇక్కడ నేనూ, నీ కోడలు ఐలీ కులాసా. గ్లాస్గో పొగకు నీ దగ్గు ముదరలేదు కదా? కోట పైకప్పు అయిందా అని అడిగావు. అయింది. రాజు సైన్యం తగలబెట్టిన నాటి నుంచి వాన తాగిన గోడలు ఇప్పుడిప్పుడే ఆరుతున్నాయి. నేను తిరిగి కట్టిన తూర్పు బురుజు చూస్తే మురిసిపోతావు.

"దొరతో గొడవ పెట్టుకోకు" అని కూడా రాశావు. ఆ సంగతే చెబుతాను.

పెద్ద హాలులో ఉన్న మొరటు పొయ్యి నీకు తెలుసు. మన వంశనాయకుడైన ఈ దొర, సర్ టార్క్విల్ ఉన్నాడే, ఆయన తాత గొర్రెల మేత కోసం ఊరు ఖాళీ చేయించి ఇళ్లు కాల్పిస్తే, మనవాళ్లు కప్పులేని ఆ కోటలో తలదాచుకుని, కూలిన తమ ఇళ్ల రాళ్లతో పేర్చుకున్నది. అమ్మమ్మ పుట్టింది దాని పక్కనే. దాన్ని పీకేసి, వంశచిహ్నం చెక్కిన పాలరాతి పొయ్యి పెట్టమన్నాడు దొర.

"జనం వచ్చేది వీరుల కోట చూడ్డానికి, బిచ్చగాళ్ల కుంపటి చూడ్డానికి కాదు."

"వాళ్లను బిచ్చగాళ్లను చేసిందెవరు దొరా?" అన్నాను.

ముసలి మేస్త్రి లాక్లన్ నా మోచెయ్యి గిల్లాడు. "నోరు ముయ్యరా, కూడు పోతుంది!"

అప్పటికి ఊరుకున్నాను. శనివారం కెనడా నుంచి, అప్పట్లో ఇక్కణ్ణించి వలసపోయిన మనవాళ్ల వంశస్థులు కోట చూడ్డానికొచ్చారు. దొర పూర్వీకుల యుద్ధాలు వర్ణిస్తుంటే, నేను వెళ్లి ఆ పొయ్యిలో బురదనేలలో తవ్వి ఎండబెట్టిన పీట్ మట్టి పెళ్లలు పేర్చి మంట పెట్టాను. ఐలీ బార్లీ జావ కుండ ఎక్కించింది.

"ఆర్పెయ్!" అని అరిచాడు దొర.

"మీరే ఆర్పండి. మా పొయ్యిలు ఆర్పడం మీ ఇంటివాళ్లకి కొత్తా?"

ఒక ముసలావిడ ముందుకొచ్చి, "ఎవరి పొయ్యి బాబూ ఇది?" అని అడిగింది. చెప్పాను. ఆవిడ రాళ్లు తడుముతూ, "మా నాయనమ్మ చెప్పింది దీని గురించేనా!" అంటూ అక్కడే కూలబడింది. గిన్నెడు జావ తాగింది. ఆ తర్వాత అందరూ జావ కోసం చేతులు చాచారు.

ఇంతసేపూ నీకు చెప్పడానికి జంకిన మాట ఒకటుంది. ఆ సాయంత్రమే దొర నన్ను పనిలోంచి తీసేశాడు. సోమవారం లాక్లన్ చేతికి గడ్డపలుగిచ్చి పొయ్యి పీకమన్నాడట. నన్ను నోరు ముయ్యమన్న ఆ ముసలాయనే పలుగు నేలమీద పెట్టేసి, "చేతులు రావడం లేదు దొరా" అన్నాడట. మిగతావాళ్లెవరూ దాన్ని ముట్టుకోలేదు. పొయ్యి అక్కడే ఉంది.

నాకు రేవులో గోడపని దొరికింది. దొర కాళ్లు పట్టుకోమని మాత్రం రాయకు, పట్టుకోను. జనం చూడ్డానికి కోట తెరిచే రోజుకి నువ్వు రా. పనివాళ్ల గుమ్మంలోంచి కాదు, పెద్ద వాకిట్లోంచే నిన్ను లోపలికి తీసుకెళ్తాను. ఎవడు అడ్డొస్తాడో చూస్తాను.

ఇట్లు,
నీ మొండి కొడుకు
యాఖన్